మూడో ట్యాంకులో ఉప్పు

నమోదు 1, సోమవారం

ఈ ఉదయం ఐదూ నలభైకి ఎర్రమిట్ట చెత్తశుద్ధి ప్లాంటులో మూడో ట్యాంకు ఆగిపోయింది.

మీటరు సున్నా చూపడం లేదు. కానీ వస్తున్న గ్యాస్ ఆ ట్యాంకును కలియబెట్టే మోటారు తిరగడానికి కూడా చాలదు. అలాంటప్పుడు ఆగినట్టే నమోదు చేయాలని నిబంధన. ప్లాంటు లాగ్ రాసే పని నాది కాబట్టి అలాగే రాశాను.

ప్లాంటులో ఉన్నవి మూడు ట్యాంకులు. పట్టణంలోని ఏడు వార్డుల తడిచెత్త వాటిలోకి పోతుంది. వాటి నుంచి వచ్చే గ్యాస్‌లో కొంత ఇళ్ల పొయ్యిలకు, మిగతాది లోతు బోరు పంపుకు. ఇప్పుడు దుమ్ముకాలం. ఇంకా మూడు నెలలు సౌర పలకల కరెంటు మీద ఆశ లేదు. పంపు ఆగితే పట్టణానికి నీళ్లు ఉండవు, అందువల్ల పంపును ఆపరు. రెండు ట్యాంకుల గ్యాస్‌తో పంపు నడుస్తుంది. నిల్వ ఉన్న గ్యాస్ అయిపోతే ఏదో ఒక వార్డులో పొయ్యిలు ఆరిపోవాలి.

ఏ వార్డులో అన్నది ఇవాళ ఎవరూ అడగలేదు. ట్యాంకు ఆగిన సంగతి మాత్రం మధ్యాహ్నానికి అందరికీ తెలిసింది. సాయంత్రం నీళ్ల కౌంటరు దగ్గర వరుసలో మాటలు తక్కువగా ఉన్నాయి.

నమోదు 2, మంగళవారం

మూడో ట్యాంకు ఆపరేటరు దస్తగిరి. ప్లాంటు మొదలైనప్పటి నుంచి ఆ ఒక్క ట్యాంకే చూస్తున్నాడు. దాని గురించి మాట్లాడేటప్పుడు ఇంట్లో ముసలావిడ గురించి మాట్లాడినట్టు మాట్లాడతాడు. నేను వెళ్లేసరికి పైపు అతుకు దగ్గర కూర్చుని తెల్లటి పెచ్చును గోటితో గీకుతున్నాడు.

"ఉప్పు, వన్నూరక్కా. దీనికి ఆకలి సచ్చిపాయ. ఏం పెట్టినా ముట్టుకోలేదు," అన్నాడు.

అతను చెప్పింది నిజమేనని ల్యాబ్ మీటరు కూడా చూపించింది. ట్యాంకులో చెత్తను తిని గ్యాస్ చేసే సూక్ష్మజీవులు కొంతవరకు ఉప్పును ఓర్చుకుంటాయి. ఇప్పుడున్నది వాటి ఓర్పుకు రెండింతలు. ఒకటో ట్యాంకు, రెండో ట్యాంకు కూడా అదే దారిలో ఉన్నాయి. అవి కాస్త వెనక ఉన్నాయి, అంతే తేడా.

మూడు ట్యాంకులకూ ఒకే నీళ్లు కావడమే కారణం. చెత్త ట్యాంకులోకి పోవాలంటే ముందు దాన్ని నీళ్లు పోసి జావలా రుబ్బాలి. ఎర్రమిట్టలో చెత్తకు మంచినీళ్లు ఇచ్చేవాళ్లెవరూ లేరు. గ్యాస్ తీసుకున్నాక జావను పిండుతాం. పిండిన నీళ్లు మళ్లీ రుబ్బుడు గదికి వస్తాయి. వీటిని తిరుగు నీళ్లంటాం. ప్లాంటు నుంచి చుక్క బయటికి పోకూడదు, చుక్క లోపలికి రాకూడదు. చెత్తతో వచ్చే తడి తప్ప పదకొండేళ్లుగా అవే నీళ్లు తిరుగుతున్నాయి. ఈ విషయం చూడటానికి పక్క ఊళ్ల నుంచి జనం వచ్చేవారు.

ఉప్పు పెరగడం నిరుడు వేసవిలోనే కనిపించింది. ఎండకు నీళ్లు ఆవిరై ఉప్పు మిగులుతోందని ప్లాంటు సూపరింటెండెంటు చంద్రమౌళి నిర్ణయించారు. అది సరైన అనుమానమే. నిల్వ గుంట మీద చాపలు కప్పించారు. ఆవిరి తగ్గింది. ఉప్పు మాత్రం ఆగలేదు. అంటే అది బయటి నుంచే వస్తోంది. ప్లాంటులోకి బయటి నుంచి వచ్చేవి చెత్త డబ్బాలు మాత్రమే.

నమోదు 3, బుధవారం

ప్రతి ఇంటి డబ్బాకూ అది ఎవరిదో చెప్పే ఒక బిళ్ల అంటించి ఉంటుంది. రుబ్బుడు గదిలో డబ్బాను బోర్లించే ముందు యంత్రం తన సూదిని అందులో ముంచి బరువు, తడి, ఉప్పు చూసుకుంటుంది. బరువును బట్టి ఇంటి గ్యాస్ వాటా లెక్కిస్తాం. ఉప్పు సంగతి యంత్రాన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చంద్రమౌళి ఇవాళ అడిగారు. అది వెంటనే జవాబు చెప్పింది: అందరికంటే ఎక్కువ ఉప్పు ఏడో వార్డు డబ్బాల్లో.

గంటలోపే ఉత్తర్వు తయారైంది. సోమవారం నుంచి ఏడో వార్డు గ్యాస్ లైను మూసివేత. ఉప్పు ఆగేదాకా. ఎలాగూ ఒక వార్డు పొయ్యిలు ఆర్పాలి, తప్పు చేసిన వార్డువే ఆరితే మిగతావాళ్లు అడ్డు చెప్పరు అన్నది ఆయన ఆలోచన. ఆయన కఠినుడు కాదు. ఉత్తర్వు మీద సంతకం చేశాక చాలాసేపు కలం మూత పెట్టలేదు.

మిగతా వార్డుల లెక్కలు కూడా ఇమ్మని యంత్రాన్ని అడగమన్నాను. ముందు ఎక్కువ ఉన్నచోట ఆపుదామన్నారు. లాగ్‌లో ఏడు వార్డులూ ఉండాలి కదా అంటే, రేపటికి తీయిస్తానన్నారు. ఉత్తర్వును ఏడో వార్డులో చదివి వినిపించే పని నాకే అప్పగించారు.

నమోదు 4, గురువారం

ఏడో వార్డు పట్టణానికి ఆ కొసన, పాత రాతిక్వారీ అవతల. మూతవేళ మొదలయ్యేలోపు చేరాలని తెల్లవారగానే బయలుదేరాను. పది నుంచి నాలుగు దాకా ఎండలోకి ఎవరూ రాకూడదు, బండ్లు కూడా తిరగవు.

వీధి పొడవునా ఇళ్ల ముందు చెత్త డబ్బాలు పెట్టి ఉన్నాయి. ఇవాళ ఆ వార్డుకు బండి వచ్చే రోజు. వార్డు పెద్ద ఓబుళమ్మ అరుగు మీద కూర్చుని సంగటికి రాగిపిండి జల్లిస్తోంది. వయసు అరవై దాటింది. వచ్చిన పని చెప్పి ఉత్తర్వు చదివాను. ఆమె జల్లించడం ఆపలేదు. చుట్టూ చేరిన ఆడవాళ్లలో ఒకామె తనకు ఏడాది బిడ్డ ఉందని, పొయ్యి లేకుండా ఏం పెట్టాలని అడిగింది. ఆ ప్రశ్న లాగ్‌లో రాస్తానని చెప్పాను.

డబ్బాల్లో ఉప్పు వేస్తున్నారా అని అడిగాను. దాచుకునే పని ఏమీ లేదన్నట్టు ఓబుళమ్మ లేచి తన డబ్బా మూత తీసింది. ములక్కాడ తొక్కులు, చింతపిప్పి, అన్నం గంజి, వాటి మీద పిడికెడు ఉప్పు. డబ్బా పక్కనే ఉప్పు కుండ. ప్రతి ఇంటి ముందూ డబ్బా పక్కన ఒక కుండ ఉంది. నేను వీధిలోకి వచ్చేటప్పుడు వాటిని చూశాను, తాగేనీళ్లనుకున్నాను.

"ఎన్నేండ్ల నుంచి వేస్తాండారు పెద్దమ్మా?"

"ఎర్రకార్డు వచ్చినప్పటి నుంచి."

ఎర్రకార్డు సంగతి నాకు తెలుసు. డబ్బాలో పురుగులు కనిపిస్తే దానికి ఎర్రకార్డు అంటించి వెనక్కి పంపాలని ఆరేళ్ల కింద ప్లాంటులో నియమం పెట్టారు. వెనక్కి వచ్చిన డబ్బాకు బరువు లెక్క లేదు. బరువు లేకపోతే ఆ విడతకు ఆ ఇంటికి గ్యాస్ వాటా లేదు.

ఆ నియమం ఏడో వార్డుకు ఎలా చేరుతుందో ఇవాళ కళ్లారా చూశాను. బండి ఒకటో వార్డులో మొదలై వరుసగా వస్తుంది. ఆరో వార్డు పూర్తయ్యేసరికి మూతవేళ. ఏడో వార్డుకు మళ్లీ నాలుగు దాటాకే. పొద్దున బయట పెట్టిన డబ్బా అప్పటిదాకా ఎండలో ఉడుకుతుంది. ఆ వేడికి అడుగున ఉన్న పురుగులన్నీ పైకి, మూత మీదికి ఎక్కుతాయి. ఉప్పు చల్లితే ఎక్కవు.

"డబ్బా లోపల పెట్టుకొని బండొచ్చినాక తెస్తే కాదా?" అని అడిగాను.

"బండి ఆగేది ఎంతసేపో నీకు తెల్దా? ఇంటి ముందర లేకుంటే పోతానే ఉంటాడు. ముసిలోళ్లం, పరుగెత్తి పట్టుకుంటామా?"

ఉప్పు ఎక్కడిదని అడిగాను. ఆ మాటకు ఆడవాళ్లు నవ్వారు. ఓబుళమ్మ నవ్వలేదు.

"నువ్వు నీళ్లు యాడ తెచ్చుకుంటావు తల్లీ? మేమూ ఆడనే. బిందెకొక పొట్లం ఇస్తారు. వద్దన్నా ఇస్తారు."

ఎర్రమిట్టలో లోతు బోరు నుంచి వచ్చేవి ఉప్పునీళ్లు. పంపు దగ్గరే ఉప్పు తీసి, మడుల్లో ఆరబెడతారు. అది గుట్టలుగా పేరుకుపోతుంటే ఏం చేయాలో తోచక నీళ్ల కౌంటరులో ఇళ్లకు పంచుతున్నారు. ఎవరికి కావలసినంత వారికి. మా ఇంట్లోనూ మూడు డబ్బాల నిండా ఉంది. నీళ్లలోంచి తీసిన ఉప్పు పొట్లాల్లో ఇళ్లకు చేరి, చెత్తడబ్బాల్లో ప్లాంటుకు వచ్చి, తిరుగు నీళ్లలో కలుస్తోంది.

మూతవేళ ఓబుళమ్మ ఇంట్లోనే గడిపి, బండి వెళ్లాక తిరిగి రావడానికి లేచాను. ఓబుళమ్మ ఒక మాట అడిగింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"పురుగుంటే డబ్బా ఎనక్కి పంపిస్తిరి. ఉప్పేస్తే పొయ్యి ఆర్పేస్తామంటాండారు. ఏం చెయ్యల్లనో గూడా ఆ కాయితంలోనే రాసిండొచ్చు కదా?"

నమోదు 5, శుక్రవారం

యంత్రం ఏడు వార్డుల లెక్కలూ ఇచ్చింది. ఏడో వార్డు మొదట. దాని తర్వాత రెండో వార్డు, అదీ కొద్ది తేడాతో. ఉప్పు లేని వార్డు లేదు.

రెండో వార్డుకు బండి చల్లటి పూటే వెళుతుంది. అక్కడ ఉప్పు ఎందుకో అర్థం కాలేదు. చంద్రమౌళి ఇల్లు రెండో వార్డులోనే. మూతవేళ ముగిశాక ఆయన ఇంటికి వెళ్లి వచ్చారు. నేరుగా నా బల్ల ముందుకు వచ్చి నిలబడ్డారు.

"మా ఇంట్లోనూ వేస్తాండారమ్మా. ఏంటికంటే, ఉప్పు పారేసేదానికి ఇంకోచోటు యాడుందని అడిగింది మా ఆవిడ. మిగిలిన పొట్లాలన్నీ చెత్తలోకే."

ఆ మాట లాగ్‌లో రాయమంటారా అని అడిగాను. రాయమన్నారు.

తర్వాత ఇద్దరం బెల్టు దగ్గరికి వెళ్లాం. డబ్బాల్లోని చెత్త రుబ్బుడుకు పోయే ముందు ఆ బెల్టు మీద నడుస్తుంది. ఇరువైపులా నిలబడి ఆడవాళ్లు చేతులతో రాళ్లు, గుడ్డలు, ప్లాస్టిక్ ఏరతారు. ఎర్రకార్డు నియమం వచ్చింది వీళ్ల కోసం. చేతి తొడుగులు చిరిగితే నెలల తరబడి కొత్తవి రావు. చిరుగుల్లోంచి పురుగులు మోచేతుల దాకా పాకుతుంటే భరించలేక అప్పట్లో పని ఆపారు. అప్పటి సూపరింటెండెంటు ఈ నియమం పెట్టారు. వాళ్లది అన్యాయమైన కోరిక కాదు.

బెల్టు వాళ్లకు నాయకురాలు రమీజా. చంద్రమౌళి జరిగింది చెప్పి, కొన్నాళ్లు పురుగులున్న డబ్బాలు కూడా తీసుకోగలరా అని అడిగారు. ఆమె బెల్టు ఆపలేదు. చేతులు ఆడుతూనే ఉన్నాయి.

"మేం పురుగులొద్దంటిమి సార్. ఉప్పు పొయ్యమంటిమా?"

తర్వాత, బండి తిరిగే వరుస మార్చడానికి ఏం అడ్డమని అడిగింది. ఏడో వార్డు డబ్బాలు చల్లటి పూట వస్తే పురుగులు మూతకు ఎక్కవు కదా అంది. బండి ఒకటో వార్డులో ఎందుకు మొదలవుతుందో అక్కడ ఉన్న ఎవరికీ తెలియదు. ఒకటి కాబట్టి మొదలవుతోంది, అంతే.

నమోదు 6, శనివారం

ఉదయం నీళ్ల కౌంటరు పందిరి కింద సమావేశం. ఏడు వార్డుల పెద్దలు, ప్లాంటు వాళ్లు, వచ్చినంతమంది జనం.

చంద్రమౌళి పరిస్థితి చెప్పారు. మూడో ట్యాంకు బతకాలంటే అందులోని నీళ్లలో మూడో వంతు తీసేసి మంచినీళ్లు పోయాలి. తీసిన ఉప్పునీళ్లు పంపు దగ్గరి ఉప్పు మడుల్లోకి పోతాయి. ప్లాంటు నుంచి చుక్క బయటికి పోకూడదన్న నిబంధన మొదటిసారి పక్కకు పెట్టాలి. పోయాల్సిన మంచినీళ్లు పట్టణం మొత్తానికి ఒక రోజు తాగేనీళ్లంత. అవి ఇళ్ల నుంచే రావాలి, పంపుకు అదనంగా తోడే శక్తి లేదు. ఇంత చేసినా ట్యాంకు కోలుకుంటుందన్న హామీ లేదని కూడా చెప్పారు.

దస్తగిరిని అడిగారు. బతుకుతుందో లేదో పోసిన తర్వాత నాలుగు రోజులకు గానీ చెప్పలేనన్నాడు. పోయకపోతే మాత్రం ఇప్పుడే చెప్పగలనన్నాడు.

ఒకటో వార్డు పెద్ద లేచాడు. ఉప్పు వేసింది ఏడో వార్డు వాళ్లయితే మా తాగేనీళ్లు ఎందుకు పోయాలన్నాడు. పైగా బండి వరుస మారిస్తే ఇకనుంచి మా డబ్బాలు ఎండలో ఉడుకుతాయన్నాడు. కొందరు అవునన్నారు. నేను ఏడు వార్డుల లెక్కలు చదివాను. ఒకటో వార్డు ఉప్పు వరుసలో నాలుగోది. అతను కూర్చున్నాడు కానీ ఒప్పుకోలేదు. అతని రెండో అభ్యంతరం న్యాయమైనదే. చివరికి వచ్చే వార్డుకు మూతవేళ అడ్డం పడకుండా ఉండాలంటే బండి గంటన్నర ముందు కదలాలి. డ్రైవరును అడిగితే, తనను ఎవరైనా నిద్ర లేపితే కదులుతానన్నాడు. అక్కడ కాస్త నవ్వులు వినిపించాయి.

ఓబుళమ్మ చివర్లో మాట్లాడింది. కూర్చునే మాట్లాడింది. నీళ్లు ఇవ్వడానికి తమ వార్డుకు అభ్యంతరం లేదంది. కానీ ఆరేళ్లలో ప్లాంటు వాళ్లు తమ వీధికి వచ్చింది కార్డు అంటించడానికి, ఉత్తర్వు చదవడానికి తప్ప ఇంకెందుకూ కాదంది. అక్కడే ఉన్న నా వైపు చూడలేదు.

"ముందు మా డబ్బాలు ఎత్తండి. ఉప్పు లేకుండా పెడతాం, పురుగుంటే ఉంటాది. కార్డు లేకుండా ఎత్తినారంటే ఆ బండి ఎనకాలే మా బిందెలొస్తాయి. ముందర మాత్రం రావు."

చంద్రమౌళి రమీజా వైపు చూశారు. ఈ విడతకు పురుగులున్న డబ్బాలు కూడా తీసుకుంటామని, కొత్త చేతి తొడుగులు రాకపోతే మాత్రం మళ్లీ పని ఆపుతామని రమీజా చెప్పింది. చేతి తొడుగులకు చంద్రమౌళి అక్కడికక్కడే సంతకం చేశారు. ఒకటో వార్డు పెద్ద ఇంకో మాట అన్నాడు. ట్యాంకు బతక్కపోతే పొయ్యిలు ఎవరివి ఆరతాయో ఇప్పుడే తేల్చమన్నాడు. అది అందరి మనసులో ఉన్న ప్రశ్నే.

ఏడో వార్డు ఉత్తర్వును చంద్రమౌళి జేబులోంచి తీశారు. సోమవారం నుంచి అమలు కావలసిన కాగితం అది. ముందు వైపు రాసింది కొట్టేసి, వెనక వైపు ఇంకో వాక్యం రాసి చదివారు. ట్యాంకు కోలుకోకపోతే ఏడు వార్డుల పొయ్యిలూ వారానికి ఒక్కో రోజు వంతున ఆరతాయి. మొదటి రోజు వంతు రెండో వార్డుది. చేతులెత్తమన్నారు. ఐదుగురు పెద్దలు ఎత్తారు. ఓబుళమ్మ ఎత్తలేదు. డబ్బా కదిలాక ఎత్తుతానంది. ఒకటో వార్డు పెద్ద కూడా ఎత్తలేదు.

సమావేశం ముగియగానే నీళ్ల కౌంటరులో ఉప్పు పొట్లాలు ఇవ్వడం ఆపేశారు. ఎవరింట్లో ఉన్న ఉప్పు వాళ్లు మడుల దగ్గరికి తెచ్చి పోయాలని చాటింపు వేయించారు. సాయంత్రానికి మూడు వార్డుల నుంచి సంచులు వచ్చాయి. చంద్రమౌళి భార్య తలమీద బుట్టతో రావడం చూశాను.

నమోదు 7, ఆదివారం

ఇవాళ మూడో ట్యాంకు మీటరు నిన్నటికంటే ఇంకాస్త కిందికి దిగింది. ఒకటో ట్యాంకు గ్యాస్ కూడా మొదటిసారి తగ్గింది. తగ్గింది కొంచెమే.

దస్తగిరి కింది వాల్వు మరలకు రోజంతా నూనె పోశాడు. పదకొండేళ్లుగా తెరవని వాల్వు అది. తెరిచాక మళ్లీ మూసుకోకపోతే ఏం చేయాలని అడిగాను. అప్పుడు తాను దాని మీద కూర్చుంటానన్నాడు. ఉప్పు మడుల దాకా గొట్టం పరిచారు. అతుకుల దగ్గర రాత్రి కాపలాకు ఇద్దరిని పెట్టారు.

సాయంత్రం ఒకటో వార్డు పెద్ద ప్లాంటుకు వచ్చాడు. తమ వార్డు వాళ్లు నీళ్లు ఇస్తారని, అయితే బండి తమ వీధికి ఏ వేళకు వస్తుందో రాసి ఇవ్వమని అడిగాడు. రాసి ఇచ్చాను. దాన్ని రెండుసార్లు చదువుకుని మడిచి పెట్టుకున్నాడు.

ఏడో వార్డు నుంచి ఇంతవరకు ఏ కబురూ లేదు.

రేపటి పనులు: తెల్లవారుజామున మూడున్నరకు డ్రైవరును నిద్ర లేపాలి, ఆ పని రమీజా తీసుకుంది. నాలుగుకు బండి ప్లాంటు నుంచి కదిలి నేరుగా ఏడో వార్డుకు వెళుతుంది. ఎర్రకార్డుల కట్ట ప్లాంటులోనే ఉంటుంది. డబ్బాలు ఎత్తడం పూర్తయ్యేదాకా నేను ఆ వీధిలో ఉంటాను. బండి వెనక బిందెలు వస్తే ఆరు గంటలకు దస్తగిరి వాల్వు తెరుస్తాడు. నీళ్లు పోయడం ఏడో వార్డుతో మొదలై ఒకటో వార్డుతో ముగుస్తుంది. మీటరు చూసేది శుక్రవారం ఉదయం.